పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చోవాలి

ఆమె చనిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు. ముందుగా ఈ సంగతి రాసిపెడుతున్నాను. ఆమె ఉండే బస్తీకీ మా అపార్ట్‌మెంటుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. మా వాచ్‌మన్ మేనత్త ఆ బస్తీలోనే ఉంటుంది కాబట్టి వాచ్‌మన్‌కు తెలుసు. వాచ్‌మన్‌కు తెలిసిందంటే మా అసోసియేషన్ సెక్రటరీకీ తెలిసినట్టే. బతికున్న రోజుల్లో ఆమె మాట ఎత్తితే చాలు, నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి వాదించిన మనిషి, ఆమె పోయినప్పుడు మాత్రం నోరు విప్పలేదు.

కళ్లజోడు బాగు చేయించుకుందామని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లినప్పుడు తెలిసింది. మెట్రో మెట్ల కింద, ఆమె కంకుల బండి నిలిచే చోట, ఒకాయన ఫోన్ కవర్లు పరుచుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ మక్క కంకులు కాల్చే ఆమె ఏదయ్యా?"

"ఆ పెద్దమ్మనా? పోయింది గద సార్. దినాలు గూడ ఐపోయినయ్. జాగ ఖాళీగుంటే నేను పెట్టుకున్న. ఏం గావాలె, కవరా?"

కవర్లు వద్దు, కళ్లజోడూ వద్దని బస్సెక్కి వచ్చేశాను. నాలా పక్కనున్న దారిలోంచి బస్తీలోకి వెళ్లి ఆ ఇంట్లో మంచం మీద కూర్చున్నాను. ఆమె కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పరేషాన్ల ఉన్నం సారు. ఎవరికి చెప్పినమో, ఎవరికి మరిషినమో."

కోడల్ని క్షమించాను. మిగతావాళ్లను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఇక్కడ ఆమె పేరు రాయను. పేరు పేపర్లో పడటం ఆమెకు ఇష్టముండేది కాదు. నాలా పొంగిన ప్రతిసారీ కెమెరాలతో వచ్చేవాళ్లు. మైకు మూతి దగ్గర పెట్టి "మీ బాధ చెప్పండమ్మా" అంటే ఆమె వీపు తిప్పేది. "బాధ కనవడ్తలేదా నీకు? నడుముదాక నీళ్లల్ల నిలవడి అడుగుతున్నవ్" అనేది, వెనక్కి తిరగకుండానే. ఆ వీపు చాలాసార్లు టీవీలో వచ్చింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, మెడ దగ్గర బొగ్గు మసి. ఆ వీపును చూస్తే బస్తీలో ఎవరైనా గుర్తుపట్టేవాళ్లు.

ఆమె బండి దగ్గర పద్ధతులు వేరు. కంకి మనం ఏరుకోవడానికి లేదు. ఆమె మన మొహం చూసి, నోరు చూసి, తనే తీసి నిప్పుల మీద పెట్టేది. "నీ పండ్లకు ముదురుది పడదు సారు, లేతది తిను" అని నలుగురిలో అనేసింది నన్ను. నా పళ్ల సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో అందరికీ తెలియాల్సిన అవసరం ఏముంది? పక్కన కోచింగ్ సెంటర్ల పిల్లలు నవ్వారు. ఎవరైనా పొట్టు ఒలిచి, గింజను గోటితో గిచ్చి, నచ్చక పక్కన పెడితే ఆమె ఆ కంకినే తీసి కాల్చి వాళ్ల చేతిలో పెట్టేది. "గిచ్చినంక అది నీదే" అనేది. ఎంత ఖరీదైన బట్టలేసుకున్నవాళ్లయినా మారు మాట్లాడకుండా తీసుకునేవాళ్లు.

వాన పడితే జనం వేడి కంకుల కోసం మెట్ల కింద గుమిగూడేవాళ్లు. విసనకర్ర ఊపుతూ, పొగకు కళ్లు చికిలించి ఆమె ఆకాశం వైపు చూసేది. ఒకసారి నాతో అంది: "వాన పడితే నా బండి నడుస్తది సారు, నా ఇల్లు మునుగుతది. ఇగ వానకు మొక్కాల్నా, వానను తిట్టాల్నా? మొక్కుకుంట తిడుతున్న."

బండి పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఎప్పుడూ ఉండేది. కంకి కొనుక్కుని పోయేవాళ్లు పోవచ్చు. ఆమెతో ఏదైనా విషయం మాట్లాడాలనుకుంటే మాత్రం ఆ స్టూలు మీద కూర్చోవాలి. బండి తీయమని చెప్పడానికి వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌కైనా అదే పద్ధతి. "నిలవడి మాట్లాడేటోడు పోయే తొందరలుంటడు. ఆని మాట పట్టుకొని నేనేం జెయ్యాలె?" అనేది. కానిస్టేబుల్ కూర్చున్నాక కంకి చేతికిచ్చేది. కంకి తిన్న మనిషి బండిని తీసేయమనలేడు. కాస్త పక్కకు జరుపుకో అనేవాడు. ఆమె కాస్త పక్కకు జరుపుకునేది, అతను పోయాక కాస్త వెనక్కి జరుపుకునేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆమెతో నా మొదటి పరిచయం బండి దగ్గర కాలేదు, వరదలో అయింది. అదీ మంచి పరిచయం కాదు.

మాది కర్మన్‌ఘాట్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో ఒక కాలనీ. వెనక నాలా, నాలాను ఆనుకుని బస్తీ, బస్తీని ఆనుకుని మా అపార్ట్‌మెంటు. నాలా పక్కన ఇళ్లు కట్టుకోవడమే తప్పని మా వాళ్లు బస్తీని అంటారు. మా అపార్ట్‌మెంటు కట్టిన చోటు కూడా ఒకప్పుడు చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమేనని పాతవాళ్లందరికీ తెలుసు. మాకు కాగితాలున్నాయి, వాళ్లకు లేవు, తేడా అంతే. పైన చెరువులు నిండితే నాలా పొంగేది. నీళ్లు ముందు బస్తీలో చేరి, అక్కడి నుంచి సందులోంచి మా వైపు వచ్చేవి. మా బిల్డింగులో అందరికన్నా కింద ఉన్నది మేము. మా ఆవిడ మోకాళ్లు మెట్లెక్కనివ్వవని గ్రౌండ్ ఫ్లోర్ కొన్నాను. గ్రౌండ్ ఫ్లోర్ వాడంటే పైవాళ్లకు లోకువ. వినాయక చవితికి నా తలుపుకు అడ్డంగా మండపం వేసి, అడిగితే "దేవుడే మీ గుమ్మంలోకి వచ్చాడండీ, సంతోషించక" అన్న సెక్రటరీ మాట నాకింకా గుర్తుంది. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. టికెట్ లేని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం అలాగే ఉంది.

ఆ ఏడు వాన బాగా కొట్టింది. మా ఇంట్లో పిక్కల దాకా, బస్తీలో నడుముల దాకా నీళ్లు. కొంచెం తగ్గాక అసోసియేషన్ వాళ్లు బ్రెడ్డు, నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు సంచుల్లో కట్టి బస్తీలో పంచమని నన్ను పంపారు. "మీరు కిందే ఉంటారు కదండీ, మీకైతే అలవాటు" అన్నారు. సెక్రటరీ మాత్రం సందు మొగదల నిలబడి ఫోటోలు తీశాడు.

ఆమె ఇంటి ముందు నిలబడి సంచి చాచాను. ఆమె లోపల చీపురుతో బురద నీళ్లు తోస్తోంది. సంచి వైపు చూడలేదు.

"ఏంది సారు, కరెంటు బిల్లిచ్చేటోని లెక్క గడప బయట నిలవడ్డవ్? లోపటికి రా."

"ఇంకా చాలా ఇళ్లున్నాయమ్మా."

"ఉన్నయ్. ఎటు పోవు. మా ఇంటికి ఒచ్చినవా, సంచి ఇసిరెయ్యనీకి ఒచ్చినవా?"

సందంతా వింటోంది. లోపలికి వెళ్లాను. మంచం కోళ్ల కింద ఇటుకలున్నాయి కానీ ఆ రాత్రి నీళ్లు ఇటుకల్ని దాటినట్టున్నాయి, పరుపు స్పాంజిలా ఉంది. "కూసో" అంది. కూర్చున్నాను. ప్యాంటు వెనకంతా తడిసిపోయింది. గోడ సజ్జ మీద పెట్టిన పొయ్యి మీద చాయ్ కాచి గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది.

"తాగుతవా, పట్టుకొని కూసుంటవా?"

ఆమె నా మొహం చూడటం లేదు, గ్లాసును చూస్తోంది. ఎందుకో నాకు తెలుసు. ఆమె యాస నల్గొండది, మాది కూడా ఆ జిల్లానే; ఎవరి ఇంట్లో ఎవరు తాగరో అక్కడ అందరికీ తెలుసు. నేను తాగాను. ఖాళీ గ్లాసు తీసుకుని, అప్పుడు సంచి అందుకుంది. "ఏ ఊరు సారు మీది?" అని అడిగింది. చెప్పాను. "ఔ, ఎర్కే ఆ ఊరు" అని ఊరుకుంది.

తడిసిన ప్యాంటుతో మిగతా సందంతా తిరిగాను. సెక్రటరీ తీసిన ఫోటోల్లో నా వెనక భాగం కూడా ఉంది. గ్రూపులో పెట్టాడు. పైవాళ్లు కింద నవ్వు బొమ్మలు పెట్టారు. కరెంటు బిల్లువాడన్న మాటనూ, ఆ ఫోటోనూ నేను మరిచిపోలేదు. ఆమె మీద కోపం కొన్నాళ్లు ఉండేదే. కానీ మర్నాడు ఏం జరిగిందో అదీ రాయాలి.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గొడవ. మా వాచ్‌మన్ ఎవరినో ఆపుతున్నాడు.

"యాడికి పెద్దమ్మా? పని మనుషులు పక్క గేటు నుంచి రావాలె."

"నేను పనికి రాలే. పరామర్శకు ఒచ్చిన. కింది ఇల్లు సారుకు నీళ్లొచ్చినయంట గదా."

నేనే వెళ్లి గేటు తీశాను. ఆమె కాళ్లకంటిన బురద గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి వచ్చింది. తడిసి ఉబ్బిన మా సోఫాను చేత్తో నొక్కి చూసింది, దాని మీదే కూర్చుంది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, ఏం చేయాలో తెలియక నిలబడిపోయింది.

"ఏం పాడైనయ్ అక్కా?" అని అడిగింది ఆమె.

మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లినాటి పట్టుచీరలు, పిండి డబ్బాలు, గోడలో చెమ్మ, దేవుడి పటాలు. నాకు కూడా చెప్పని సంగతులు కొన్ని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆమె కదలకుండా విన్నది. "పట్టు చీరలు నీడకు ఆరబెట్టు, ఎండల ఎయ్యకు" అంది. చాయ్ తాగింది. లేచేటప్పుడు మళ్లీ వస్తానని చెప్పలేదు. చావింటి నుంచి లేచిపోయినట్టు, మాట లేకుండా లేచి వెళ్లిపోయింది.

మా బిల్డింగులో అయిదంతస్తులున్నాయి. ఆ అయిదంతస్తుల నుంచి ఒక్క మనిషి మెట్లు దిగి వచ్చి మా ఇంట్లో కూర్చోలేదు. సెక్రటరీ మెట్ల మీద నుంచే "అంతా ఓకేనాండీ?" అని అడిగాడు. ఓకే అని ఎలా అంటాను? అనలేదు. ఆయన జవాబు కోసం ఆగలేదు కూడా.

తర్వాత ఒకసారి బండి దగ్గర స్టూలు మీద కూర్చుని అడిగాను, ఈ కూర్చోబెట్టే పట్టింపు ఎక్కడిదని. బొగ్గులు ఎగదోస్తూ చెప్పింది.

"మా ఊళ్ల పనికి పిలువనీకి ఊళ్లకెళ్లి వచ్చేటోళ్లు సారు. గూడెం మొదట్ల నిలవడి కేకేసేటోళ్లు. మా అయ్య ఉరికి మంచం వాల్చేటోడు. ఒక్కడు గూడ కూసోకపోయేది. నేను మస్తుసార్లు అడిగిన, ఎందుకయ్యా వాలుస్తవ్, ఆళ్లు కూసోరు గదా అని. మంచం మనది, వాల్చుడు మన పని, అనేటోడు. పోయేదాక వాల్చిండు. ఒక్కడు కూసోలే."

కంకి తిప్పింది.

"పట్నంల నా మంచం మీద కూసోకుంట పోనియ్య. ఇది మా ఊరు కాదు."

ఆ తర్వాత గోడ వచ్చింది. అసోసియేషన్ మీటింగ్ టెర్రస్ మీద పెట్టారు. గ్రౌండ్ ఫ్లోర్ వాడు మెట్లెక్కి రావాలి. బస్తీ సందు మా వైపు తెరుచుకునే చోట అడ్డంగా కాంక్రీటు గోడ కడితే నాలా నీళ్లు ఇక మన వైపు రావని సెక్రటరీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"ఇటు రాకపోతే ఆ నీళ్లన్నీ ఎటు పోతాయి?"

"ఎటో పోతాయండీ. నాలా ఉంది కదా."

"నాలా పొంగితేనే కదా వచ్చేది. అవి బస్తీలోనే నిలుస్తాయి. వాళ్లకు దారి కూడా ఇదే."

"నాలా పక్క దారి ఉందిగా వాళ్లకి. మాస్టారూ, మీ ఇల్లు మునక్కుండా మేం కడుతుంటే మీరే అడ్డం పడితే ఎలాగండీ? కూర్చోండి."

నేను ఏనాడూ మాస్టర్‌ని కాదు. అయినా ఆయన అలాగే పిలుస్తాడు. ఆ "కూర్చోండి" ఒకటుంది చూశారా, బస్తీలో ఆమె అన్న "కూసో"కూ దీనికీ ఎంత తేడా. ఒకటి లోపలికి పిలిచింది. ఇంకొకటి నోరు మూయించింది.

గోడ లేచింది. అనుమతి ఉందా అని అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తర్వాతి వానాకాలం మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. గోడకు అవతల బస్తీలో ఛాతీ దాకా నిలిచింది. ఇదివరకు రెండు వైపులా పరుచుకుని మర్నాటికి తీసే నీళ్లు, వాళ్ల ఇళ్లల్లోనే రోజుల తరబడి మురిగాయి. పొడిగా ఉన్న ఇంట్లో కూర్చుంటే గోడ అవతలి నుంచి గిన్నెలతో నీళ్లు తోడే చప్పుడు వినిపించేది. నాకు అన్నం సయించేది కాదు. మా ఆవిడైతే టీవీ పెట్టనిచ్చేది కాదు. నేను కనబడిన ప్రతి ఆఫీసుకూ ఫిర్యాదు చేశాను. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా?" రాలేదంటే, "మరి మీకేంటి ఇబ్బంది?" అనేవాళ్లు. ఆ ప్రశ్న వేసిన ప్రతి మొహం నాకు గుర్తుంది.

ఆమె ఫిర్యాదు చేయలేదు. ఆడవాళ్లందరినీ తీసుకుని తడిసిన పరుపులతో వెళ్లి ఎల్బీనగర్ పెద్ద రోడ్డు మీద పరిచి కూర్చుంది. ట్రాఫిక్ ఆగింది. అప్పుడు వచ్చాడు నాలాల పని చూసే ఇంజనీరు. ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉన్నప్పుడు, అసిస్టెంటును వెంటబెట్టుకుని నాలా పక్క దారిలోంచి బస్తీలోకి దిగాడు. నేనూ వెళ్లాను. "మీరేనా రోజూ ఫోన్ చేసేది?" అన్నాడు నన్ను. ఔను, నేనే అన్నాను.

ఆమె ఇంటి ముందు ఆగి జేబులో చేతులు పెట్టుకుని అడిగాడు.

"చెప్పండమ్మా, సమస్య ఏంటి?"

"చెప్త. లోపటికొచ్చి కూసో."

"పర్లేదు, ఇక్కడే వింటాను."

"నిలవడినోళ్లకు చెప్పనీకి నాకు మాట రాదు సారు. ఏం జెయ్యాలె, అలవాటు తప్పింది."

బస్తీ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆయన లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఆమె పొయ్యి వెలిగించింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అసిస్టెంటు బయట నుంచి "సార్, వెళ్దాం సార్, వాన పెద్దదయ్యేలా ఉంది" అన్నాడు.

"చాయ్ మరుగుతుంది. పాలు ఇప్పుడే పోసిన" అంది ఆమె.

వాన కురిసింది. ఇంజనీరు లేచి నిలబడ్డాడు, కురుస్తున్న వానను చూసి మళ్లీ కూర్చున్నాడు. చాయ్ గ్లాసు చేతికొచ్చేసరికి ఇంటి మూలనున్న మోరీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నడం మొదలైంది. తర్వాత గడప మీద నుంచి వచ్చాయి. ఎవరిదో చెప్పు ఒకటి తేలుతూ వచ్చి మంచం కోడుకు తగిలింది. ఆయన బూట్లు పైకెత్తాడు.

"కాళ్లు మంచం మీద పెట్టుకో సారు. మేం గూడ గట్లనే పెట్టుకుంటం. మంచం మీదికొస్తె సజ్జ ఎక్కుతం. సజ్జ మీదికొస్తె ఏం జెయ్యాల్నో నువ్వు చెప్పాలె, ఇంజనీరువు గద."

"బయటకు దారి ఎటమ్మా?"

"నువ్వొచ్చిన తొవ్వ నాలాల కలిసిపోయింది. ఇంకో తొవ్వ ఉండె. గీ సందుకెళ్లి నాలుగడుగులేస్తే కాలనీ రోడ్డు. ఇప్పుడు గోడ ఉన్నది. ముందు చాయ్ తాగు, చల్లారిపోతది."

ఆయన తాగాడు. బూట్లతో సహా కాళ్లు మంచం మీద ముడుచుకుని, మొత్తం తాగాడు. ఆమె గ్లాసు తీసుకునేదాకా ఎదురుగా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే ఉంది. నేను మా ఆవిడకు ఫోన్ చేస్తే వాచ్‌మన్ గోడ మీద నుంచి నిచ్చెన దించాడు. సందులో అప్పటికే నడుము లోతు. ఇంజనీరు ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కాడు. గోడకు అవతల మా రోడ్డు నీళ్లు నిలవకుండా, కడిగినట్టుగా ఉంది. పై అంతస్తు బాల్కనీలోంచి సెక్రటరీ చూస్తున్నాడు. గోడ మీద కూర్చుని ఇంజనీరు రెండు వైపులా చూశాడు.

"మళ్లీ వస్తానమ్మా. చూస్తాను."

"పరామర్శకు ఒచ్చినోళ్లు మళ్లొస్త అనొద్దు సారు. పోయి పని చెయ్యి."

ఆ ఇంజనీరు మంచివాడని నేను అనను. తడిశాడు, అంతే. తడవకపోతే ఆ పనీ అయ్యేది కాదు. గోడ కూల్చమని అడిగితే కూల్చలేదు. అడుగు భాగంలో వరసగా కన్నాలు కొట్టించి ఇనుప ఊచలు పెట్టించాడు, మధ్యలో తోపుడు బండి పట్టేంత చిన్న గేటు. సగం న్యాయం చేశాడు. మిగతా సగం నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఆ కన్నాలతోనే ఆమె చివరి రోజులు గడిచాయి. వాన మబ్బు పడితే మా వాళ్లు ఇసుక బస్తాలు అడ్డం పెట్టించేవాళ్లు. ఆమె పొద్దున బండి తోసుకుంటూ గేటులోంచి వచ్చి, బండి ఆపి, బస్తాలు లాగి పారేసి వెళ్లేది. ఒకరోజు సెక్రటరీ పట్టుకున్నాడు. నేను నా కిటికీలోంచి అంతా విన్నాను.

"ఏమ్మా, ముట్టుకోవద్దని చెప్పాం కదా. కన్నాలు తెరిచి ఉంటే మా కార్లు మునిగిపోతాయి."

"నీ కారుకు చక్రాలున్నయ్ బాబూ, పైకి తోలుకో. నా ఇంటికి చక్రాలుంటే నేను తోలుకోకపోదునా?"

"పోలీసులకు చెప్పాల్సి వస్తుంది."

"చెప్పు. నా బండి కాడికి రమ్మను. ఆళ్లకు స్టూలు ఎర్కే."

నేను కిటికీలోంచి పెద్దగా నవ్వాను. సెక్రటరీ తల తిప్పి చూశాడు. అప్పట్నుంచి మా మధ్య పలకరింపు లేదు. నాకేమీ నష్టం కాలేదు.

ఆమెకు షుగరు ఉండేది. ఛాతీ లోతు నీళ్లు నిలిచిన ఆ ఏడాది కాలికి ఏదో గీసుకుంది. ఆ పుండు మానలేదు. గుడ్డ చుట్టుకునే బండి తోసింది. దవాఖానలో నీళ్లలో నిలబడొద్దన్నారట. "నిలవడొద్దన్నరు, ఎక్కడ కూసోవాల్నో చెప్పలే" అని నవ్వింది నాతో. పుండు పైకి పాకిందని, చివరికి జ్వరంతో పోయిందని కోడలు చెప్పింది. వయసైపోయిందని మా వాచ్‌మన్ అన్నాడు. ఆమెకు నా వయసే. నేను బాగానే ఉన్నాను. మా ఇంట్లో మురుగు నీళ్లు నిలవలేదు మరి.

ఆమె దినాలు అయిన కొద్దిరోజులకే అసోసియేషన్ మీటింగ్ పెట్టింది. కన్నాలను కాంక్రీటుతో శాశ్వతంగా మూసేయాలని తీర్మానం. ఇక అడ్డం వచ్చేవాళ్లు లేరనుకున్నారు. నేను మెట్లెక్కి పైకి వెళ్లాను.

"ముందు మునిగేది మీ ఇల్లేనండీ" అన్నాడు సెక్రటరీ, నా మొహం చూడకుండా.

"నా ఇల్లు కాబట్టి నేను చెబుతున్నాను. ముట్టుకోవద్దు."

"మెజారిటీ ఒప్పుకుంది."

"మెజారిటీ పై అంతస్తుల్లో ఉంది."

మర్నాడు మేస్త్రి వచ్చాడు. నేను గోడ దగ్గరే ఉన్నాను. కార్పొరేషన్ వాళ్లు కొట్టించిన కన్నాలు మూస్తే, మూసినవాడి మీదే కేసు పడుతుందని, మూయించినవాళ్లు పైనుంచి చూస్తారని చెప్పాను. అతను బాల్కనీ వైపు చూశాడు. అక్కడి నుంచి ఎవరూ దిగలేదు. సిమెంటు మాలు కలిపేదేదీ లేదని తాపీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకణ్ణి పిలిచారు. వాడికీ అదే చెప్పాను. మూడోవాడు దొరికేలోపు వాన వచ్చింది.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మొదలైంది. సందులో నీళ్లు లేస్తున్న చప్పుడు వినగానే మా ఆవిడ పట్టుచీరల మూట అటక మీద పెట్టించింది. నీళ్లు కన్నాల్లోంచి ఊచలను కొట్టుకుంటూ వచ్చి, మా గేటు దాటి, వరండా దాటి ఇంట్లోకి వచ్చాయి. సోఫా తేలింది. ఫ్రిజ్ మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. పలకరింపు మానేశాక మొదటిసారి సెక్రటరీ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"మాస్టారూ, మీ ఇంట్లోకి నీళ్లు వచ్చేశాయటండీ. ఇప్పుడైనా బస్తాలు వేయించమంటారా?"

"వేస్తే తీసేది నేనే. నేను మాస్టర్‌ని కాదు."

ఫోన్ పెట్టేసి పెరటి గుమ్మంలోకి వచ్చాను. నీళ్లు పెరగడం ఆగింది. గోడ అవతల నుంచి ఆమె కోడలు గొంతు.

"సారూ, మీకెంత దాక ఉన్నయి?"

లుంగీ పైకి పట్టుకుని కిందికి చూసుకున్నాను.

"మోకాళ్ల దాకా."

అవతల ఎవరో నీళ్లలో నడిచి చూస్తున్నట్టున్నారు.

"మాకు గూడ మోకాళ్లే సారు" అంది.